మూడో ఏడాది గురించి ముందే ఆలోచించండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. చిత్తూరుకు దగ్గరలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పదహారేళ్ల సర్వీసు. ఎంఏ హిస్టరీలో 58 శాతం వచ్చింది. మా జిల్లా చెరువుల మీద పీహెచ్‌డీ చెయ్యాలని పెళ్లికి ముందు నుంచీ కోరిక. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఏడో తరగతి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఇంటి పని ఎక్కువగా నా మీదే. మా ఆయన వద్దనరు గానీ, 'ఈ వయసులో ఎందుకీ టెన్షన్, ప్రమోషన్ ఏమన్నా వస్తుందా' అంటారు. స్టాఫ్‌రూమ్‌లో ఒకరేమో దూరవిద్యలో సులువుగా అయిపోతుందంటారు, ఇంకొకరు డబ్బులిస్తే థీసిస్ రాసిపెట్టేవాళ్లు ఉన్నారంటారు. ఉద్యోగం మానకుండా, నిజాయితీగా దీన్ని పూర్తి చెయ్యగలనా? ఇంగ్లీషులో రాయాలంటే కూడా భయంగా ఉంది.
— ఒక టీచర్, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో 'పెళ్లికి ముందు నుంచీ' అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. ఇద్దరు పిల్లలు, పదహారేళ్ల ఉద్యోగం, ఇంటెడు చాకిరీ మధ్య కూడా ఒక కోరిక చావకుండా ఉందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేనూ తిరుపతిలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ 45వ ఏట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. ఏడేళ్లు పట్టింది. కాబట్టి చెయ్యగలరా అని మీరడిగితే, చెయ్యగలరనే చెబుతాను. మీరేమో వయసు గురించి, ఇంగ్లీషు గురించి భయపడుతున్నారు. నాకు భయం మీ మూడో ఏడాది గురించి.

ఎందుకో చెబుతాను. మొదటి ఏడాది ఎలాగో గడిచిపోతుంది. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, కోర్స్‌వర్క్ పరీక్షలు అంటూ ఏదో ఒక తేదీ మనల్ని తరుముతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు కూడా 'అమ్మకు పరీక్షలు' అని కాస్త సర్దుకుంటారు. రెండో ఏడాది ఊళ్లు తిరగడం, మనుషుల్ని కలవడం, అదొక ఉత్సాహం. మూడో ఏడాదికి వచ్చేసరికి పరీక్షలు ఉండవు, సెమిస్టరుకొకసారి కమిటీ ముందు కూర్చోవడం తప్ప వేరే తేదీలు ఉండవు, మధ్యలో ఎంత వరకొచ్చిందని అడిగేవాళ్లు ఉండరు. టెన్త్ స్పాట్ వాల్యుయేషన్ ఉంటుంది, ఎలక్షన్ డ్యూటీ ఉంటుంది, మీ పాపకు అప్పటికి ఇంటర్ అయిపోయి ఏ కాలేజీలో చేర్చాలా అన్న హడావిడి ఉంటుంది. థీసిస్ ఒక్కటే 'రేపు చూద్దాంలే' అంటే ఊరుకుంటుంది. నాతో పాటు పార్ట్‌టైమ్‌లో చేరినవాళ్లలో మానేసినవాళ్లు చాలామంది మూడో ఏడాదిలోనే మానేశారు. ఎవరూ ఫలానా రోజు మానేస్తున్నానని అనుకోలేదు.

నాకు ఆ ఏడాది అమ్మ కింద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అదే సమయంలో నా గైడ్ రిటైరయ్యారు. ఇంకొకరిని కేటాయించండని నేను పెట్టిన కాగితం ఆఫీసులో నెలల తరబడి కదల్లేదు. నా ఫైళ్లు బీరువా పైకెక్కాయి. పద్నాలుగు నెలలు ఒక్క వాక్యం రాయలేదు. మా తిరుపతి గంగ జాతర వేషాల మీద నా పరిశోధన. జాతర వారంలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని వేషాలు కడతారు, మొక్కుకున్న జనం ముఖాలకు రంగులు పూసుకుని వీధుల్లోకి వస్తారు. ఆ పద్నాలుగు నెలల మధ్యలో వచ్చిన జాతరకు నోటు పుస్తకం లేకుండా, మామూలుగా దణ్ణం పెట్టుకోవడానికి పోయాను. వేషం కట్టే ఇంటి పెద్దాయన ఒకరు జనంలో నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, నా మాటలన్నీ రాసుకోని పోతివే, యాడ పెట్టినావు వాటిని?" అన్నారు. ఆయన కోప్పడలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ రాత్రే స్టూలేసుకుని బీరువా మీది ఫైళ్లు దించాను.

అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా, ఇది మూడో ఏడాదిలో నన్ను నిలబెడుతుందా అని అడుగుతూ తీసుకోండి.

ముందు టాపిక్. 'చిత్తూరు జిల్లా చెరువులు' అని పెట్టుకుంటే అది పదిమంది చెయ్యాల్సిన పని. మీరు ఒక్కరు, అదీ ఆదివారాల్లో. దాన్ని తగ్గించండి. ఒక్క మండలం తీసుకోండి, అందులోనూ ఒక్క గొలుసు తీసుకోండి. పై చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరడం మీకు తెలిసిందే. అలాంటి ఐదారు చెరువులు చాలు. ఆ గొలుసు మీద ఒక్క ప్రశ్న వెయ్యండి. నేనైతే ఇలా అడుగుతాను: ఒకప్పుడు తూము ఎత్తి ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లో పంచింది నీరుగంటి. కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయ్యాయి. నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. ఈ మధ్యలో బోర్లు వచ్చాయి. మరి నీరుగంటి చేతిలోని పని ఎవరి చేతికి పోయింది? ఎవరి చేతికీ పోకుండా ఆగిపోయిందా?

ఈ ప్రశ్నకు మొదలు ఎక్కడో, చివర ఎక్కడో మీకు తెలుస్తుంది. దీనికి జవాబు చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఊళ్లల్లో ఉన్నారు. ఇంకో పదేళ్లకు ఉంటారో లేదో. మీరు త్వరగా మొదలుపెట్టాలని నేననడానికి మీ వయసు కంటే వాళ్ల వయసే పెద్ద కారణం.

ఇంకొక లాభం ఉంది. టీచర్ ఉద్యోగానికీ చెరువుకూ క్యాలెండర్ బాగా కుదురుతుంది. మన జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం. దసరా సెలవుల నుంచి సంక్రాంతి సెలవుల దాకా నీళ్లు ఎలా వస్తున్నాయో, మరవ ఎప్పుడు పారిందో చూడొచ్చు. మే నెలలో చెరువు ఎండినప్పుడు లోపలికి దిగండి. పగుళ్లిచ్చిన బురద మీద నడుచుకుంటూ తూము దగ్గరికి పోతే రెండు నిలువు రాళ్లు, వాటిని కలుపుతూ అడ్డరాళ్లు, ఆ అడ్డరాళ్లలో బెజ్జాలు కనిపిస్తాయి. ఆ బెజ్జాల్లోంచి దిగే పొడుగాటి కర్రను ఎత్తి దించితే కింద నీళ్ల దారి తెరుచుకునేది, మూసుకునేది. కొన్నిచోట్ల రాళ్ల మీద చెక్కిన బొమ్మలు, అక్షరాలు కూడా ఉంటాయి. నీళ్లున్నప్పుడు ఇవేవీ కనపడవు. మీకు వేసవిలో దాదాపు ఏడు వారాల సెలవులు. బ్యాంకులోనో కంపెనీలోనో పనిచేసేవాళ్లకు ఈ అదృష్టం లేదు. నా జాతర కూడా మే నెలలోనే వచ్చేది కాబట్టే నేను చెయ్యగలిగాను.

పాత కాగితాల కోసం ఒక విషయం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ జిల్లాకు ముఖ్య పట్టణం కూడా చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు వైపు కడప జిల్లా. కాబట్టి పాత రెవెన్యూ రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు పోవాల్సి వస్తుంది. కాట్పాడి మీదుగా రైల్లో పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరొచ్చు. యూనివర్సిటీ ఇచ్చే ఉత్తరం ఉంటే అక్కడ పని జరుగుతుంది, అందుకే రిజిస్ట్రేషన్ అయ్యాక వెళ్లండి. ఇంకా వెనక్కి పోవాలనుకుంటే శ్రీవారి ఆలయ శాసనాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. భక్తులు ఇచ్చిన డబ్బును ఆలయం తన ఊళ్లల్లో చెరువులకు, కాలువలకు ఖర్చు పెట్టిన సంగతి వాటిలో ఉంది. చదవండి గానీ అక్కడే ఉండిపోకండి. మీ ప్రశ్న 1984 చుట్టూ ఉంది.

ఇక రూల్స్. ఇవి టూకీగా చెబుతాను. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో పార్ట్‌టైమ్‌కు స్పష్టంగా చోటుంది. పీజీలో 55 శాతం ఉండాలి, మీకు 58 ఉంది. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు. ఆడవాళ్లకు ఆ పైన మరో రెండేళ్ల సడలింపు ఇవ్వొచ్చు, మొత్తం మీద పదేళ్లు దాటకూడదు. మన రాష్ట్రంలో మీ రిటైర్మెంట్ వయసు 62. పదేళ్లూ తీసుకున్నా, పట్టా చేతికొచ్చాక ఇంకా సర్వీసు మిగిలే ఉంటుంది. వయసు సంగతి ఇంతటితో వదిలేయండి.

ప్రవేశానికి ఆర్‌సెట్ అనే రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఉంది, నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. 2024 నుంచి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష మార్కులతో కూడా పీహెచ్‌డీ అడ్మిషన్ ఇస్తున్నారు. ఫెలోషిప్ లేకుండా అడ్మిషన్‌కు మాత్రమే పనికొచ్చే ఆ స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది. పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 చొప్పున లెక్క. ఆ ఇంటర్వ్యూలో నీరుగంటి గురించి మీరు రెండు నిమిషాలు మాట్లాడగలిగితే 'చెరువుల చరిత్ర' అని మొదలుపెట్టినవాళ్ల కంటే ముందుంటారు.

మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ కావాలి. అందులో మూడు సంగతులు ఉండాలి: పార్ట్‌టైమ్‌లో చదువుకోవడానికి అనుమతి ఇచ్చారని, మీ విధుల మధ్య పరిశోధనకు చాలినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం రిలీవ్ చేస్తారని. మూడోది లేకుండా సంతకం పెట్టించుకుని తర్వాత అల్లాడినవాళ్లు నాకు తెలుసు. హెచ్ఎం ద్వారా ఇప్పుడే కాగితం కదపండి, అప్లికేషన్ తేదీ వచ్చాక కదిపితే అందదు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఆ కొన్ని నెలల కోసం మీ ఈఎల్‌లు (ఆర్జిత సెలవులు) ఇప్పటి నుంచే దాచుకోండి. పార్ట్‌టైమ్ వాళ్లకు జేఆర్‌ఎఫ్ లాంటి ఫెలోషిప్ రాదు, ఖర్చు మన జీతంలోంచే. ఫీజు సంగతి అలా ఉంచండి. నెలనెలా కరిగించేది బస్సు చార్జీలు, జిరాక్సులు, టైపింగు.

స్టాఫ్‌రూమ్ మాటల గురించి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదు. పైన చెప్పిన నిబంధనల్లోనే అది ఉంది, అటువైపు చూడొద్దు. థీసిస్ రాసిపెట్టేవాళ్ల సంగతి ఇంకా గట్టిగా చెబుతున్నాను. మీ సిద్ధాంత గ్రంథాన్ని బయటి యూనివర్సిటీల వాళ్లు కనీసం ఇద్దరు చదువుతారు, తర్వాత వైవా ఉంటుంది. పట్టా ప్రకటించే ముందే అది శోధగంగలో, అంటే దేశంలోని థీసిస్‌లు దాచే వెబ్‌సైట్‌లో పెడతారు, మీ స్టూడెంట్ రేపు పెద్దయ్యాక ఫోన్‌లో తెరిచి చదువుకోవచ్చు. కాపీ కొట్టొద్దని పిల్లలకు చెప్పే మనం ఆ పని చెయ్యలేం. అయినా ఇన్నేళ్లు దాచుకున్న కోరికను ఇంకొకరి చేత తీర్చుకుంటే మీకు మిగిలేదేముంది?

గైడ్ విషయంలో తొందరపడొద్దు. నేను చేసిన తప్పు, పేరు చూసి పోయాను. సారు పెద్దవారు, మంచివారు, రిటైర్మెంట్‌కు దగ్గరగా ఉన్నారు. ఇప్పుడు మూడేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు కొత్తగా స్కాలర్లను తీసుకోకూడదని నిబంధన ఉంది. అయినా మీది ఆరేడేళ్ల ప్రయాణం కాబట్టి ఆరేడేళ్లు ఉండేవాళ్లనే చూసుకోండి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు, ఖాళీ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. శోధగంగలో ఆ గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు రెండు తెరిచి ముందుమాటలు చదవండి. వాళ్ల దగ్గర పార్ట్‌టైమ్‌లో పూర్తి చేసినవాళ్లెవరైనా ఉంటే కలిసి ఒక్కటే ప్రశ్న అడగండి: చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇచ్చారు? దీనికొచ్చే జవాబు గైడ్‌కున్న బిరుదుల కంటే విలువైంది.

మీకు దగ్గర తిరుపతే. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. అక్కడ హిస్టరీ ఉంది, ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖ వేరుగా ఉంది. మీ టాపిక్ రెండింటికీ పోతుంది గానీ మనుషుల మాటల మీద, ఈ మధ్యకాలం మీద నడిచేది కాబట్టి ముందు హిస్టరీ వాళ్లను కలవండి. మహిళా యూనివర్సిటీలోనూ విచారించండి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం మన జిల్లాలోదే అయినా మీకు తిరుపతి కంటే దూరం. దూరాన్ని తక్కువ అంచనా వెయ్యకండి. చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు, పోనూ రానూ సగం రోజు. సెమిస్టరుకొకసారి రీసెర్చ్ కమిటీ ముందు కూర్చోవాలి, గైడ్‌ను మధ్యమధ్యలో కలవాలి. సాయంత్రం స్కూలు వదిలాక బస్సెక్కి పోయి, చంద్రగిరి దాటేసరికి చీకటిపడి, డిపార్ట్‌మెంట్‌కు తాళం వేసి ఉండటం రెండుమూడుసార్లు జరిగితే మనసు విరిగిపోతుంది. ఫోన్ చేసి, పేజీలు చేతిలో పెట్టుకుని, సెలవు పెట్టి పోండి.

ఇంగ్లీషు భయం గురించి. థీసిస్ ఏ భాషలో రాయనిస్తారో డిపార్ట్‌మెంట్‌లో ముందే అడగండి. ఇంగ్లీషే అన్నా కంగారుపడొద్దు. నోట్సు మొత్తం తెలుగులో రాసుకోండి, అదీ ముసలాయన ఏ మాటతో చెప్పాడో ఆ మాటతోనే. తూము, మరవ, నీరుగంటి, కట్ట, ఆయకట్టు, వీటిని ఇంగ్లీషులోకి మార్చకండి, ఉన్నవి ఉన్నట్టు వాడి మొదటిసారి అర్థం చెప్పండి చాలు. మీ థీసిస్‌కు బలం ఆ మాటలే. చిన్న చిన్న వాక్యాల ఇంగ్లీషు ఎవరైనా రాయగలరు, మీరు పీజీ దాకా చదివినవారు.

ఇప్పుడు ఇల్లు. మీ ఆయన ప్రమోషన్ వస్తుందా అని అడిగారు కదా, నిజమే చెప్పండి. రాదు. స్కూల్ అసిస్టెంట్ నుంచి హెచ్ఎం కావడం సీనియారిటీ, డిపార్ట్‌మెంట్ పరీక్షలను బట్టి ఉంటుంది. డిగ్రీ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు కూడా 2023 జులై నుంచి నెట్, రాష్ట్రస్థాయి సెట్‌లే కనీస అర్హత అయ్యాయి, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. లేని లాభం చూపించి ఒప్పిస్తే మూడో ఏడాదిలో అదే మాట మీకు ఎదురొస్తుంది. 'నాకు ఇది తెలుసుకోవాలని ఉంది, అందుకు చేస్తున్నా' అని సూటిగా చెప్పండి. ఆయన వద్దనరని మీరే రాశారు కాబట్టి వింటారనే నా నమ్మకం.

ఆ తర్వాత ఒక్క సాయం అడగండి. 'అందరూ కాస్త సర్దుకోండి' అంటే ఎవరూ సర్దుకోరు. ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా అమ్మ లేదు, టిఫిన్ నాన్నది, అవ్వకు మందులు ఇచ్చే పని పాపది అని ఖాయం చెయ్యండి. ఇల్లు శుభ్రంగా లేకపోయినా, చుట్టాలొచ్చినా ఆ నాలుగు గంటలు కదపొద్దు. తెల్లవారుజామున మూడింటికి లేచి రోజూ చదివేస్తామనే ప్రతిజ్ఞలు నేనూ చేశాను, పది రోజులకు జ్వరమొచ్చి పడుకున్నాను. నన్ను చివరిదాకా లాక్కొచ్చింది ఆదివారాలే. ఆ నాలుగు గంటల్లో చదవడం ఎంతైనా, లేచేముందు ఒక పేజీ రాయాలని పెట్టుకున్నాను. బాగున్నా బాగాలేకపోయినా ఒక పేజీ. ఏడాదికి యాభై పేజీలు, అందులో సగం పారేసినా పాతిక మిగులుతాయి.

పాప ఇంటర్ గురించి మీకు అపరాధ భావం వస్తుందని తెలుసు, ఉత్తరంలో ఆ వాక్యం రాసి కొట్టేసి మళ్లీ రాశారు. అదే టేబుల్ దగ్గర ఆ పిల్ల ఒకవైపు, మీరొకవైపు కూర్చోండి. నా చిన్నకొడుకు టెన్త్ అలాగే చదివాడు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది అప్లికేషన్ నింపడం కాదు, దానికి ఇంకా టైముంది. వచ్చే ఆదివారం మీ స్కూలుకు దగ్గర్లోని ఏదో ఒక చెరువు కట్ట మీదికి పొండి. ఆ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఎవరున్నా సరే, పక్కన కూర్చుని, ఈ తూము చివరిసారి ఎవరెత్తారని అడగండి. ఏం చెబితే అది వాళ్ల మాటల్లోనే ఒక పేజీ రాసుకోండి. గైడ్‌ను మొదటిసారి కలవడానికి పోయేటప్పుడు ఆ పేజీ పట్టుకుపోండి. నాకూ ఒక కాపీ పంపించండి, చదవాలని ఉంది.